లోతు మాస్టారి తొమ్మిది అడుగులు

ఇత్తడి ఫలకం పొరపాటున వర్క్‌షాపుకు వచ్చింది. లైబ్రరీకి వెళ్ళాల్సిన పార్సిలు అది. తెచ్చినవాడు చిరునామా సరిగ్గా చూసుకోకుండా ఇక్కడ సంతకం పెట్టించుకుని చక్కాపోయాడు. కొలతలమ్మ చేతులకంటిన రంపపు పొట్టు దులుపుకుని అట్టపెట్టె విప్పింది. లైబ్రరీలో పిల్లల హాలు గోడకు ఆమె చేస్తున్న బొమ్మ కింద పెట్టబోయే ఫలకం. ఆలోచన, చిత్రం, నిర్మాణం అని మూడు మాటలు అందంగా చెక్కారు. ఆ మూడింటికీ కలిపి పేరు మాత్రం ఒక్కటే ఉంది. ఆ పేరు ఆమెది కాదు, ఆమె చెల్లెలి మొగుడిది.

రెండోసారి చదివింది. తిప్పి వెనకవైపు కూడా చూసింది, ఆశ అలాంటిది. వెనకాల ఏముంటుంది, మేకుల కోసం పెట్టిన చిల్లులు తప్ప!

ఆమెను కొలతలమ్మ అని మొదట ఎవరు పిలిచారో తెలియదు గానీ ఆ పేరే నిలిచిపోయింది. గుమ్మాన్ని చూసినా మనిషిని చూసినా ముందు ఇంచీల్లోనే చూస్తుంది. నాటకాల వాళ్ళకు సెట్లు కట్టిన చెయ్యి అది. ఇరవై అడుగుల స్టేజీ మీద మైలు పొడుగు వీధి చూపించాలంటే వెనక్కి పోయేకొద్దీ ఇళ్ళను ఎంతెంత కుదించాలో ఎప్పుడడిగినా టకటకా చెప్పేస్తుంది. ఆ విద్యను తిరగేస్తే ఏమవుతుందని ఒకసారి ఆమెకు తిక్క పుట్టింది. ఈ గొడవంతా ఆ తిక్కతోనే మొదలైంది.

మన కన్నుకు ఒక అలవాటుంది. చిన్నగా కనిపించేది దూరం, పెద్దగా కనిపించేది దగ్గర అని నమ్మేస్తుంది. కొలతలమ్మ ఏం చేసిందంటే, మొన కోసేసిన పిరమిడ్ లాంటి చెక్కపెట్టె ఒకటి చేసి, ఆ మొన మనవైపు పొడుచుకొచ్చేట్టు గోడకు తగిలించింది. మనకు అన్నిటికంటే దగ్గరగా ఉండే ఆ చిన్న పలక మీద, పొడుగాటి వరండా చివర్లో ఉండే తలుపు గీసింది. చుట్టూ ఉన్న ఏటవాలు పలకల మీద వరండా గోడలు, నేల, కప్పు గీసింది. పది అడుగుల దూరం నుంచి చూస్తే గోడలోపలికి వరండా వెళ్ళిపోయినట్టే ఉంటుంది. మనం పక్కకు నడిస్తే అది మనతోపాటు మెడ తిప్పుతుంది. జనం అమ్మో అంటారు, ఆగుతారు, మళ్ళీ నడిచి చూస్తారు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం రెండు కళ్ళూ కూడబలుక్కుని అసలు సంగతి పట్టేస్తాయి. అంతసేపూ లోపలెక్కడో ఉన్న తలుపు ఒక్కసారిగా ముక్కు ముందుకు వచ్చేస్తుంది. వీటికి వర్క్‌షాపులో ఎదురు పెట్టెలని పేరు.

ఎనిమిదేళ్ళ కిందట, మొదటి పెట్టె చేసిన రోజుల్లోనే చెల్లెలికి పెళ్ళయింది. పెళ్ళికొడుకు రంగుల కంపెనీ ఏజెంటు. అబ్బో, ఏం మాటకారి! గోడకు కూడా రంగు వేయించుకోవాలనిపించేట్టు మాట్లాడతాడు. "వదినా, మీరు చెయ్యండి, నేను మాట్లాడతాను" అన్నాడు. కొలతలమ్మకు నలుగురిలో నోరు పెగలదు. సరేనంది. మొదటి ప్రదర్శనకు ఆయన పేరు వేశారు. రెండోదానికీ అంతే. మూడోదానికి పేపర్లవాళ్ళు ఆయనకు లోతు మాస్టారని బిరుదిచ్చేశారు. ఆమె ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "వచ్చేదాంట్లో మీ పేరు పెడదాం వదినా."

మాస్టారు ఒక ఆనవాయితీ కూడా పెట్టాడు. బొమ్మ మీద గుడ్డ తీశాక, జనమంతా తాడు అవతల నిలబడి ఉండగా, తాను బొమ్మకు ఎదురుగా దూరంగా నిలబడతాడు. తొమ్మిది అడుగులు టకటకా వేసి, ఎక్కడా తడబడకుండా చెయ్యి చాచి, అందరికీ లోపలెక్కడో ఉన్నట్టు కనిపించే తలుపు మీద గోటితో టక్కున కొడతాడు. గాల్లో కొట్టినట్టుంటుంది చూసేవాళ్ళకు. హాలంతా ఒక్కసారిగా చప్పట్ల మోత. దాన్ని వేలు మోపడం అంటారు. ఆ టక్కు కోసమే జనం వచ్చేవారు.

ఫలకం వచ్చిన సాయంత్రమే మరిది వర్క్‌షాపుకు వచ్చాడు. వెంట లైబ్రరీ కమిటీవాళ్ళు ఇద్దరున్నారు.

"నా ప్లేటు ఇక్కడికొచ్చిందటగా వదినా!"

"వచ్చింది. చదివాను కూడా. నా పేరేది మరిదిగారూ?"

ఆయన మొహం ఒక్క క్షణం మాడింది. వెంటనే సర్దుకున్నాడు. "వచ్చేదాంట్లో..."

"ఆ మాట నాలుగుసార్లయింది. ఈ గోడ నాది. గీత నాది, కోత నాది, రంగు నాది. రోజుకు ఇన్నివందల మంది పిల్లలు చూసే గోడ ఇది. దీని మీదైనా నా పేరుండాలి."

కమిటీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరిది వాళ్ళవైపు తిరిగి, ఇంట్లో పిల్లలు మారాం చేస్తే పెద్దవాళ్ళు నవ్వినట్టు నవ్వాడు. "చెక్క కోసినవాళ్ళందరి పేర్లూ రాసుకుంటూ పోతే గోడ చాలదు వదినా!" అన్నాడు. వాళ్ళిద్దరూ కూడా నవ్వారు. మర్యాదకే నవ్వి ఉండొచ్చు, కానీ నవ్వారు.

కొలతలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం అనలేకపోయింది. అదే కదా ఆమె ఖర్మ, కోపమొస్తే గొంతు మూసుకుపోతుంది. ఫలకాన్ని పెట్టెలో పెట్టి, దారం కట్టి, ఆయన చేతికిచ్చింది. ఆయన చెయ్యి పెట్టెకు నాలుగు వేళ్ళ ఇవతలే ఆగి, ఒకసారి గాలిని పట్టుకుని, తర్వాత పెట్టెను పట్టుకుంది. కమిటీవాళ్ళు గమనించలేదు. ఆమె గమనించింది. రెండేళ్ళుగా గమనిస్తూనే ఉంది.

ఆ సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట చెల్లెలి ఇంట్లో భోజనాల దగ్గర మాస్టారు జగ్గుతో నీళ్ళు గ్లాసులో పోయబోయి బల్ల మీద పోశాడు. చెల్లెలు నవ్వింది. "ఈయనకెప్పుడూ బొమ్మల ధ్యాసే అక్కా, ఈ లోకంలో ఉండరు" అంది. కొలతలమ్మ నవ్వలేదు. కొలిచింది. మూడు ఇంచీలు. తర్వాత వర్క్‌షాపులో తెల్లగోడ ముందు దూలానికి సన్నదారంతో ఒక మేకు వేలాడదీసి, "మరిదిగారూ, ఆ మేకొకసారి అందుకోండి" అంది. పక్కన ఇంకే వస్తువూ లేదు, వెనకాల గీత లేదు, నీడ లేదు. ఆయన వేళ్ళు మేకుకు జానెడు ఇవతల మూసుకున్నాయి. "భలే ఊగుతోంది వదినా" అన్నాడు. మేకు ఊగడం లేదు.

ఆమెకు అర్థమైపోయింది. ఆయనకు ఒక కన్ను కనిపించడం లేదు. ఒంటికన్నుకు ఎదురు పెట్టె ఎంత దగ్గరికెళ్ళినా విడిపోదు. చేత్తో తడిమినా సరే, కంటికి లోపలికే కనిపిస్తుంది. లోతు మాస్టారికి లోతు తెలియదు! ఆ తొమ్మిది అడుగులూ అందుకే. గుడ్డ తీయకముందే వెళ్ళి, చెక్కను చేత్తో తాకి, అక్కణ్ణుంచి వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుని నేల మీద గుర్తు పెట్టుకుంటాడు. ఇంకేముంది, కళ్ళు మూసుకుని కూడా టక్కుమనిపించొచ్చు.

ఆరోజే చెల్లెలికి ఫోన్ చేద్దామనుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. కానీ అంతకు ముందువారమే నాలుగో బొమ్మకు ఆమె పేరు ఎగ్గొట్టాడు. ఆయన దాచుకున్న గుట్టు నేనెందుకు చెప్పాలి, ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది అనుకుని ఫోన్ పక్కన పెట్టేసింది. అలా రెండేళ్ళు దాచింది. ఫలకం వచ్చిన రోజు, మరిది వెళ్ళిపోయాక, ఆ గుట్టును బయటికి తీసి చూసుకుంది. ఇంకా పదునుగానే ఉంది.

గోడ మీద మూడు పెట్టెలు రావాలి. పక్కపక్కనే మూడు పుస్తకాల గదులు, చివర్లో మూడు తలుపులు. మూడూ ఎదురు పెట్టెలే. లైబ్రరీ గోడలో నడుమ భాగాన పాత పుస్తకాల గూడు ఒకటుంది, మూడడుగుల లోతు, నడుమెత్తున మొదలవుతుంది. మధ్య పెట్టె దాన్ని కప్పేస్తుంది. మాస్టారు వేలు మోపేది ఎలాగూ నట్టనడుమే. కొలతలమ్మ గూడును కొలుచుకొచ్చి, వర్క్‌షాపు తలుపు మూసుకుని నాలుగో పెట్టె మొదలుపెట్టింది. ఇది ఎదురు పెట్టె కాదు. నిజంగానే లోపలికి పోయే పెట్టె, నాటకాల సెట్లలో కట్టినట్టు. అదే గది, అవే బీరువాలు, అదే తలుపు. పది అడుగుల నుంచి చూస్తే రెండింటికీ తేడా బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

వర్క్‌షాపులో ఆమెతోపాటు పనిచేసేది ఒక్క వార్నిష్ తాత. డెబ్బై దాటినా చెయ్యి వణకదు, నోరు ఆగదు. నాలుగో పెట్టె చూసి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు.

"మూడు కదమ్మా చెప్పింది? ఇదెందుకు?"

"మరిదిగారికి కానుక."

తాత పెట్టె లోపలికి చెయ్యి పెట్టి చూశాడు, ఆమె మొహం చూశాడు. "వార్నిష్ రెండు పూతలు చాలా, మూడు వెయ్యాలా?" అని మాత్రం అడిగాడు.

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం మూడు ఎదురు పెట్టెలూ గోడకెక్కించారు. మాస్టారు చూడ్డానికి వచ్చాడు. "వార్నిష్ ఆరలేదు, ఎవ్వరూ ముట్టుకోకండి" అని అందరికీ వినబడేట్టు చెప్పి ఆమె టీకని బయటికెళ్ళింది. పావుగంట తర్వాత వచ్చేసరికి ఆయన దూరంగా కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. మూడు తలుపుల మీదా మూడు వేలిముద్రలు, అచ్చు గుద్దినట్టు.

"ఎలా ఉన్నాయి మరిదిగారూ?"

"అద్భుతం వదినా. ఇంత దూరం నుంచి చూస్తేనే ఎంత ముందుకొచ్చాయో తెలిసిపోతోంది."

"అవునా" అంది కొలతలమ్మ. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. కాస్త జాలి కూడా వేసి ఉండేది, చెక్క కోసినవాళ్ళ మాట గుర్తు రాకపోయుంటే.

మర్నాడు పొద్దున్న ఏడింటికి తాత, ఆమె కలిసి మధ్య పెట్టె దించేసి, గూట్లో నాలుగోది బిగించారు. అరగంట పని. తాత చివరి స్క్రూ తిప్పుతూ, "దెబ్బ తగులుద్దేమోనమ్మా" అన్నాడు.

"తగలాలనే కదా" అంది. తర్వాత ఏమనుకుందో, అంచులకు లోపలివైపు మెత్తటి స్పాంజి అతికించి దాని మీద రంగు పూసింది. ఆయన పరువు పోతే చాలు, పళ్ళు పోనక్కర్లేదు.

పదకొండింటికి హాలు నిండిపోయింది. ముందు వరసలో చెల్లెలు మంచి చీర కట్టుకుని కూర్చుంది. అక్కను చూసి చెయ్యి ఊపింది. పిల్లలు తాడు మీద పడిపోతున్నారు. లైబ్రరీ పెద్ద మేడమ్ నాలుగు మాటలు చెప్పి మైకు మాస్టారికిచ్చింది. ఇక చూడాలి ఆయన జోరు!

"కన్ను మోసపోతుంది పిల్లలూ" అన్నాడు. "చిన్నది కనిపిస్తే దూరం అనుకుంటుంది. కానీ ఏళ్ళ తరబడి సాధన చేస్తే, నా కన్నులా తయారవుతుంది. నా కన్నును ఏ బొమ్మా మోసం చెయ్యలేదు. ఎందుకంటే ఈ బొమ్మలను పుట్టించింది ఈ కన్నే."

కొలతలమ్మ వెనక గోడకానుకుని నిలబడింది. ఆ మాటకు పిసరంత మిగిలున్న జాలి కూడా ఆవిరైపోయింది.

గుడ్డ తీశారు. హాలంతా ఓ అంది. మూడు గదులు గోడలోపలికి వెళ్ళిపోయాయి. మాస్టారు తన గుర్తు మీద నిలబడి, చొక్కా సర్దుకుని, మధ్య తలుపుకేసి బయల్దేరాడు. ఒకటి. రెండు. కొలతలమ్మ పెదాలు కదుపుతూ ఆయనతోపాటు లెక్కపెట్టింది. అయిదు. ఆరు. ఒక్కసారి ఆగి చూస్తే బాగుండును అని కూడా అనుకోలేదు, ఆగకూడదనే అనుకుంది. తొమ్మిది. చెయ్యి చాచి గోటితో కొట్టాడు.

టక్కు లేదు.

చెయ్యి వెళ్ళింది, చెయ్యి వెనకే భుజం వెళ్ళింది, ఆ ఊపుకు రెండడుగులు ముందుకు తూలి, నడుము గూటి అంచుకు తగిలి లోతు మాస్టారు తన బొమ్మలోకి బోర్లాపడ్డాడు. నుదురు పోయి చివరి తలుపును గుద్దుకుంది. అప్పుడు వినిపించింది టక్కు. రెండు కాళ్ళు మాత్రం బయట గాల్లో ఈత కొడుతున్నాయి. ఒక పిల్ల "అంకుల్ లోపలికెళ్ళిపోయాడు!" అని అరిచింది. ఇక హాలు పట్టలేదు నవ్వు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఇది కూడా ఆటలో భాగమేననుకుని కొంతమంది చప్పట్లు కొట్టారు.

ఇద్దరు కలిసి ఆయన్ని బయటికి లాగారు. చెల్లెలు పరుగెత్తుకొచ్చి నుదుటి మీద చేతిరుమాలు అద్దింది. మాస్టారు ఊపిరి కూడదీసుకుని, "ఎవరో మార్చేశారు! నా బొమ్మ మార్చేశారు!" అని అరిచాడు.

"నేనే మార్చాను."

ఆ మాట అన్నది తనేనని తెలిసి కొలతలమ్మే ఆశ్చర్యపోయింది. ఎనిమిదేళ్ళుగా మూసుకుపోయిన గొంతు అది. తాడు దాటి ముందుకొచ్చింది. "పొద్దున్న ఏడింటికి మార్చాను. మారిస్తే మాత్రం ఏమైంది? ఎదురుగా నిలబడ్డ మనిషికి తెలియదా? మేడమ్, మీరొకసారి ఇలా రండి. ఇక్కడ నిలబడండి. ముట్టుకోకండి, చూసి చెప్పండి చాలు."

మేడమ్ వచ్చి, చేతిదూరంలో నిలబడి, కళ్ళు చిట్లించింది. "అయ్యో... అటూ ఇటూ ఉన్నవి ముందుకొచ్చాయి. ఇదేమో నిజంగానే లోపలికుంది!"

కొలతలమ్మ పిల్లల్ని పిలిచింది. ఒక్కొక్కరూ వచ్చి నిలబడ్డారు, ఒక్కొక్కరూ చెప్పారు. అయిదేళ్ళ పిల్ల కూడా వేలెట్టి చూపించింది, ఇది ముందు, ఇది వెనక, ఇది ముందు అని. హాల్లో నవ్వు సద్దుమణిగింది. మేడమ్ మాస్టారి వైపు తిరిగింది. "మరి మీకెందుకు తెలియలేదండీ?"

తప్పించుకునే దారులు రెండే ఉన్నాయి. ఆ రెండింటినీ కొలతలమ్మ ముందే చూసుకుంది. కన్ను కనిపించదంటే, మరి ఇవి ఎలా చేశావంటారు. కనిపిస్తుందంటే, మరి ఎలా పడ్డావంటారు. ఆయన పెళ్ళాం మొహం చూశాడు, ఫోన్లు చూశాడు.

"నాకు... ఎడమ కన్ను కనిపించదు."

చెల్లెలి చేతిలో రుమాలు ఆగిపోయింది.

"మరి ఇవన్నీ ఎలా చేశారు?" మేడమ్ గొంతులో ఇప్పుడు మర్యాద లేదు.

"వదిన చేసింది."

"ఏవి?"

"అన్నీ."

ఆహా! ఆ రెండక్షరాల కోసం ఎనిమిదేళ్ళు. కొలతలమ్మకు ఒళ్ళంతా చల్లబడింది. ఎడమ పెట్టె దగ్గరికి నడిచి, లెక్కపెట్టకుండా, తాపీగా, తలుపు మీద గోటితో కొట్టింది. టక్. కుడి పెట్టె మీద ఇంకొకటి. టక్. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడమ్ అక్కడికక్కడే ఆ ఫలకం తీయించేసి, ఆమె పేరుతో కొత్తది చేయిస్తానంది. ఆ సంతోషంలో, చెల్లెలు మొగుడి చెయ్యి పట్టుకుని పక్కగుమ్మంలోంచి వెళ్ళిపోవడం ఆమె చూడనే లేదు.

చెల్లెలు వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. ఎత్తుతుందిలే, ఎన్నాళ్ళు అలుగుతుంది అనుకుంది కొలతలమ్మ. మొగుడు చేసిన పని చిన్నదేం కాదు కదా. ఈ లోపల పేపర్లవాళ్ళు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. మాట్లాడ్డం కూడా కాస్త కాస్త అలవాటవుతోంది.

తొమ్మిదో రోజు పొద్దున్న చెల్లెలు వర్క్‌షాపుకు వచ్చింది. ఆఫీసు బట్టల్లో ఉంది, చేతిలో సంచి. కూర్చోమంటే కూర్చోలేదు. వార్నిష్ తాత డబ్బా మూత పెట్టేసి నెమ్మదిగా బయటికెళ్ళిపోయాడు.

"కళ్ళ డాక్టరుకు చూపించాను" అంది. "నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుందట. నొప్పి ఉండదట, అందుకే తెలియదట. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది కూడా సగానికి పైగా పోయింది. అది ఆయనకే తెలియదు."

"రెండోది కూడానా?" కొలతలమ్మ చేతిలో ఉలి బల్ల మీద పెట్టేసింది.

"రెండేళ్ళ ముందు తీసుకొచ్చుంటే చుక్కలతోనే ఆగేదన్నాడు డాక్టరు. కుడి కన్ను నిక్షేపంలా ఉండేదట." చెల్లెలు అక్క కళ్ళలోకి చూసింది. "నీకెప్పటినుంచి తెలుసు?"

అబద్ధం చెప్పొచ్చు. మొన్ననే అనొచ్చు, వేలిముద్రలు చూసి తెలిసింది అనొచ్చు. నమ్మేది కూడా. కానీ చెల్లెలితో ఆమె ఎప్పుడూ అబద్ధం ఆడలేదు, ఆడకుండా దాచింది అంతే.

"రెండేళ్ళు."

చెల్లెలు ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు.

"నా ఇంట్లో కూర్చుని, నా చేత్తో వడ్డించింది తింటూ, ఆయన గ్లాసు పక్కన నీళ్ళు పోస్తుంటే చూశావు. నేను పిచ్చిదానిలా నవ్వుతుంటే అదీ చూశావు. నేనంటే పక్కనే ఉండి కనిపెట్టలేని మొద్దుని. నువ్వు కనిపెట్టావు కదే! ఒక్క మాట చెప్పడానికేమైంది?"

"ఆయన నా పేరు..."

"ఆయన దొంగే. కాదన్నానా? నువ్వు చేసింది తప్పని కూడా అననేమో, నాకు చెప్పి ఉంటే. ఆయనకు చెప్పమని కాదక్కా, నాకు!"

కొలతలమ్మకు కంటి జబ్బు సంగతి తెలియదు, కన్ను పోయిందనే అనుకుంది, పోతోందనుకోలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎంత నిజమైనా ఇప్పుడది సాకులాగే ఉంటుందని మింగేసింది.

చెల్లెలు సంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. "పొద్దున్న పదింటికొకసారి, సాయంత్రమొకసారి వెయ్యాలి. సాయంత్రం నేను వేస్తాను. పొద్దున్న నాకు ఆఫీసు. ఆయనకు సీసా ఎంత దూరంలో ఉందో తెలియదు, బుగ్గ మీద వేసుకుంటున్నాడు, చొక్కా మీద వేసుకుంటున్నాడు. నువ్వొచ్చి వెయ్యి. రోజూ. నాకు క్షమాపణలు చెప్పకు, ఆయనకూ చెప్పకు, ఎవరిక్కావాలి. చుక్కలెయ్యి, వెళ్ళిపో." అని చెప్పి, బస్సు టైమవుతోందని గబగబా మెట్లు దిగిపోయింది.

మర్నాడు పదింటికి కొలతలమ్మ వెళ్ళింది. తలుపు తీసే ఉంది. మరిది కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, నుదుటి మీద బొప్పి పసుపుపచ్చగా మారింది. ఎనిమిదేళ్ళు గలగలా మాట్లాడిన మనిషి, చెప్పులు లేని కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. కోపం పోయిందా అంటే పోలేదు. ఆయన్ని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంట కింద ఇంకొకటి ఉంది, అది ఆయన మీద కాదు, ఆర్పుకునే దారి కూడా లేదు.

"తల వెనక్కి వాల్చండి."

వాల్చాడు. ఆమె ఎడమచేత్తో కుడికన్ను రెప్ప పైకెత్తి పట్టుకుంది. సీసా మొన దగ్గరికి తెస్తుంటే, అది గుచ్చుకుంటుందేమోనని ఆయన ముందే ఉలిక్కిపడి తల తిప్పేశాడు. రెండోసారీ అంతే.

"కదలకండి. గుచ్చను."

"ఎంత దూరంలో ఉంది వదినా?"

"అరచెయ్యి మందం." కాస్త దించింది. "ఇప్పుడు వేలెడు మందం. చూడండి, ఇక్కడే ఆపాను."

ఆయన కన్ను పెద్దదిగా, ఎర్రగా, పైకి చూస్తూ ఉంది. అందులో తన మొహం కనిపించింది ఆమెకు. సీసా నొక్కింది.

"పడిందా?"

"పడింది. మూసుకోండి."

మూసుకున్నాడు. చుక్క కంటి కొసలోంచి చెవివైపు జారితే కొంగుతో తుడిచింది.

"ఎన్నాళ్ళు వెయ్యాలంది మీ చెల్లెలు?"

"కన్ను ఉన్నన్నాళ్ళూ" అంది కొలతలమ్మ, సీసా మూత బిగిస్తూ.